ఈ ఏటి పన్నెండు పాటలు, ఒక ఎర్ర రుమాలు

డిసెంబర్ 1

ఈ ఏటి పాటల ఎంపిక ఇవాళ మొదలుపెట్టాను. నియమాలు పోయినేటివే. పన్నెండు పాటలే ఉండాలి. అన్నీ ఈ సంవత్సరం విడుదలైనవే కావాలి. ఒకే సంగీత దర్శకుడికి రెండు ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పాట పాటగా బాగుండాలి. దాని వెనక ఏదో జ్ఞాపకం ఉందని జాలిపడి తీసుకోకూడదు. జ్ఞాపకాలకు కూడా మార్కులు వేస్తూ పోతే మా ప్రొద్దుటూరు బస్టాండులో పల్లీలమ్మే ఆయన కేక కూడా లోపలికి వచ్చి కూర్చుంటుంది.

పోయినేడు నా పన్నెండు పాటలు క్యాంపస్ స్నేహితుల గ్రూపులో పెట్టాను. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరైనా విన్నట్టు దాఖలా లేదు. నా గైడ్ శశిధర్ సార్‌కు పొరపాటున వెళ్తే, "పరవాలేదే, నీకు వరస పెట్టడం వచ్చు. ఇదే పని థీసిస్‌లో చెయ్" అని తిరిగి పంపారు.

నా రూమ్మేట్ సింధూజ అడిగింది. "ఎర్ర రుమాలు పెట్టినవా?"

"లేదు."

"అది లేకుంట ఏం లిస్టే నీది?"

అని, ఫోన్ తీసి స్టీలు గ్లాసులో నిలబెట్టి ఆ పాటే మోగించింది. గ్లాసులో పెడితే గట్టిగా వినిపిస్తుందట. వినిపిస్తుంది. కింది వాటాలో కూడా.

ఎర్ర రుమాలు అనేది ఒక యూట్యూబ్ జానపదం. ఈ ఎర్ర రుమాలు నీకెవరిచ్చారని పిల్ల అడుగుతుంది. పిల్లగాడు చెప్పడు. పల్లవి ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లూ చెప్పడు. దీన్ని సింధూజ ఈ సంవత్సరమంతా పొద్దున్నే పళ్ళు తోముకుంటూ విన్నది.

ఇంకో రెండు వారాలు ఓపిక పడితే చాలు. పద్నాలుగున ఆమె పెళ్ళి. అబ్బాయి భూపాల్, రైల్వేలో పని, ఇల్లు మౌలాలి. మూడేళ్ళుగా ఇద్దరం పంచుకున్న ఈ తార్నాక గది ఇక మొత్తం నాదే. రెండు అల్మరాలు, ఒక కిటికీ, పూర్తి నిశ్శబ్దం. ఎదురుచూస్తున్నాను.

డిసెంబర్ 3

మొదటి పాట ఖాయం. కేవలం వయొలిన్ కోసం. ఫిబ్రవరిలో సింధూజ ఉప్మా మాడ్చి గదంతా పొగ చేస్తే, ఇద్దరం మేడ మెట్ల మీద కూర్చుని చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. ఉప్మాకు మార్కులు వేయలేదు.

రెండో పాట కూడా ఖాయం. సాహిత్యం కోసం. నా సెమినార్ పాడైన రోజు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే సింధూజ ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. "ఒక్క పాట అయ్యేదాంక ఏడువు. అయిపోయినంక చాయ్ తాగుదాం" అని దీన్ని పెట్టింది. పాట నాలుగు నిమిషాలే. ఏడుపు సరిపోలేదు, మళ్ళీ పెట్టించుకున్నాను. ఇది ఎంపికకు సంబంధించిన విషయం కాదు. ఊరికే రాశాను.

డిసెంబర్ 6

సింధూజ బరాత్‌లో తనే డాన్స్ చేస్తుందట. పెళ్ళికూతురు! అదీ ఎర్ర రుమాలుకు!

"డీజేకు పెన్‌డ్రైవ్ నువ్వే తయారుజెయ్యాలె" అంది.

"నేనెందుకుమే? ఆయన దగ్గర ఉండవా పాటలు?"

"ఉంటయి. గని నా పెండ్లి పాటలు నువ్వే ఇయ్యాలె. నీ అంత పాటలు తెల్సినోళ్ళు నాకెవలున్నరు చెప్పు?"

మూడేళ్ళలో నా అభిరుచి గురించి ఆమె అన్న మొదటి మంచి మాట ఇది. పొంగిపోలేదు. సరేనన్నాను.

డిసెంబర్ 8

సింధూజ మేనత్త సారలమ్మ గారు జనగామ నుంచి దిగారు. డాన్స్ నేర్పడానికట. మంచం నిలబెట్టి, చాప చుట్టి, గదిని మైదానం చేశారు. స్టీలు గ్లాసు మోగుతూనే ఉంది. నేను మూలన ముడుచుకుని, ఇయర్‌ఫోన్స్ బిగించి, ఐదో పాటకు ఇద్దరు అభ్యర్థులను పోల్చి చూశాను. ఏకాగ్రత ఉంటే రైల్వే స్టేషన్‌లో కూడా సంగీతం వినవచ్చు.

మధ్యమధ్య కళ్ళెత్తితే సింధూజ తిరుగుతూ ఉంది. సారలమ్మ గారు మాత్రం ఫ్రిజ్ పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడి, ఉన్నట్టుండి మధ్యలోకి వచ్చి రెండు అడుగులు వేసి, ఏదో చెప్పారు. నావైపు చూసి కూడా ఏదో చెప్పారు. నేను తలూపాను. పాపం మోకాళ్ళ నొప్పులేమో, అంతసేపు ఆగి ఆగి ఆడుతున్నారు.

డిసెంబర్ 10

అమ్మ ఫోన్. "ఏంమే, ఆ పాటలు ఏరుకుంటా కూచుంటే చదువు ఎవరు చదువుతారు? ఆ సింధూజను చూడు. ఉద్యోగం చేస్తాండాది, పెండ్లి చేసుకుంటాండాది. నువ్వు చేసేదేమి?"

ఆరో పాట ఖాయం చేశాను.

డిసెంబర్ 12

పెన్‌డ్రైవ్ పూర్తయింది. బరాత్ పాటలన్నీ డీజేలు వాయించేవే, తప్పదు. కానీ ఎర్ర రుమాలు దగ్గర నా చేతులు ఊరుకోలేదు. ఒకే పల్లవి ఆరుసార్లు ఎందుకు? ఎనిమిదేళ్ళుగా కెమిస్ట్రీ చదువుతున్నాను. అసలు పదార్థం ఉంచి, మిగతాది వడగట్టడమే నా పని. ల్యాప్‌టాప్‌లో పాట తెరిచి, రెండు పల్లవులు ఉంచి, నాలుగు తీసేశాను. మధ్యలో వచ్చే ఈలలూ తీసేశాను. ఎక్కడ అతికానో నాకే తెలియనంత శుభ్రంగా వచ్చింది. ఇప్పుడది వినదగ్గ పాట.

సింధూజకు చెప్పలేదు. నా పెళ్ళికానుక. వింటే ఆశ్చర్యపోతుంది.

డిసెంబర్ 13

సామాన్లు తీసుకెళ్ళారు. స్టీలు గ్లాసు మరిచిపోయారు. నాకేమీ అనిపించడం లేదు.

సాయంత్రం. ఇంకా ఏమీ అనిపించడం లేదు.

డిసెంబర్ 15

ఆశ్చర్యపోయింది.

వరసగా రాస్తాను. పెళ్ళి మెట్టుగూడ ఫంక్షన్ హాల్లో పొద్దున ముహూర్తానికే అయింది. బరాత్ సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే మౌలాలిలో, భూపాల్ వాళ్ళ వీధి మొదట్లో మొదలైంది. ముందు డీజే బండి, దాని మీద ఎంకన్న అనే ఆయన, బండి వెనక జనం. నా పెన్‌డ్రైవ్ ఆయన చేతికి నేనే ఇచ్చాను. మంచి పాటలు, వాల్యూమ్ మరీ పెంచవద్దు అని కూడా చెప్పాను. "మీరు ఫికర్ జెయ్యకున్రి మేడమ్" అన్నాడు.

ఎర్ర రుమాలు మొదలైంది. జనం గుండ్రంగా జరిగారు. సింధూజ పట్టుచీర కొంగు దోపి మధ్యలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆమె అంత బాగా ఆడుతుందని నాకు తెలియదు. మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాను, ఎప్పుడూ చూడలేదు. మొదటి పల్లవి ఆడింది. రెండో పల్లవి ఆడింది. చివర్లో ఒక చెయ్యి పైకెత్తి, రెండో చెయ్యి భూపాల్ వైపు చాచింది. భూపాల్ బూట్లు సర్దుకుని అడుగు ముందుకు వేశాడు.

పాట అయిపోయింది.

బండి మీద జనరేటర్ చప్పుడు తప్ప వీధిలో ఏ చప్పుడూ లేదు. సింధూజ చెయ్యి అలాగే పైన ఉంది. భూపాల్ కాలు అలాగే ముందుకు ఉంది. సింధూజ ఎంకన్నను చూసింది. ఎంకన్న ల్యాప్‌టాప్‌ను చూశాడు. ఆ తర్వాత, ఎవరు మొదలుపెట్టారో గానీ, అందరూ నన్ను చూశారు.

బండి పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్న సారలమ్మ గారు అడిగారు. "నా వంతు రాకముందే ఎట్ల ఒడిసిందే?"

అప్పుడు తెలిసింది. మొదటి రెండు పల్లవులు పెళ్ళికూతురివి. మూడోది పెళ్ళికొడుకుది. నాలుగోది మేనత్తది. ఐదోది అత్తగారిది. ఆరోదానికి అందరూ. ఎవరి వంతు వస్తే వాళ్ళు దిగాలి. వాళ్ళ పెళ్ళిళ్ళలో ఇది పద్ధతట. నేను పాటలోంచి చెత్త అని తీసేసింది ఒక పెళ్ళికొడుకును, ఒక మేనత్తను, ఒక అత్తగారిని, మొత్తం రెండు కుటుంబాలను. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పారేమో. నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి.

"అసలు పాట నెట్ల నుంచి పెట్టు బిడ్డా" అని ఎవరో ఎంకన్న మీద అరిచారు. "పెడుతున్న! సిగ్నల్ తిరుగుతనే ఉన్నది! అందరు లైవులు పెడ్తే నెట్ యాడికెల్లి వస్తది?" అని ఆయన తిరిగి అరిచాడు. అత్తగారు అప్పటికే చెప్పులు విడిచి సిద్ధంగా ఉన్నారు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

అంతలో గుంపులోంచి ఎవరో పల్లవి ఎత్తుకున్నారు. శ్రుతి లేదు. మరీ పైన పట్టుకున్నారు, ఆ స్థాయిలో మొదలుపెడితే చరణంలో గొంతు చీరుకుపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా పాడారు. వెంటనే సారలమ్మ గారు చప్పట్లు అందుకున్నారు. ఆడవాళ్ళందరూ కలిశారు. భూపాల్ దిగాడు, మేనత్త దిగారు, అత్తగారు దిగారు. ఆరు పల్లవులు దాటి ఇంకా ఎన్ని సాగాయో తెలియదు. ఎంకన్న బండి దిగి వచ్చి ఆడాడు.

గడప దగ్గర పేర్లు చెప్పించి సింధూజను లోపలికి తీసుకుపోయారు. పోతూ పోతూ ఒకసారి నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో తెలియలేదు. నేను భోజనం చేయకుండా తార్నాక బస్సెక్కాను.

డిసెంబర్ 16

ఎవరో వీడియో పంపారు. ఆ పాడింది నేను.

రెండు చేతులూ పైకెత్తి ఉన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నాను. పల్లవి, చరణాలు, నేను కోసేసిన ఈలలతో సహా ఒక్క అక్షరం తప్పలేదు. నా చీర కట్టుకున్న వేరే మనిషేమోనని దగ్గరగా పెట్టుకుని చూశాను. నేనే. ఈ పాట నేను ఎప్పుడు నేర్చుకున్నాను?

సింధూజ అవతలివైపు తిరిగి ఉంది. ముఖం కనిపించడం లేదు.

డిసెంబర్ 18

ఫోన్ లేదు. కొత్త పెళ్ళికూతురు, సత్యనారాయణ వ్రతాలూ చుట్టాలూ ఉంటాయి. నేనూ బిజీగానే ఉన్నాను.

ఏడో పాట దగ్గర ఆగాను. బస్సులో విన్నాం. ఎనిమిదోది కరెంటు పోయిన రోజు విన్నాం. తొమ్మిదోది ఆమెకు జ్వరమొస్తే నేను గంజి కాస్తూ విన్నది. గది చిన్నది కాబట్టి ఏ పాట విన్నా ఆమె ఉంటుంది. ఇది గది తప్పు. పెద్ద గదిలో ఉండి ఉంటే నా ఎంపిక ఇంకా నిష్పక్షపాతంగా ఉండేది.

డిసెంబర్ 20

మెసేజ్ రాశాను. "సింధూజా, పాట విషయంలో నా ఉద్దేశం సంగీతపరంగా సరైనదే అయినా" దాకా వచ్చి చెరిపేశాను.

"అత్తగారు ఏమన్నారు?" చెరిపేశాను.

"గ్లాసు ఇక్కడే ఉంది." ఇది బాగానే ఉంది. కానీ గ్లాసు కోసం మెసేజ్ పెట్టే మనిషి అనుకుంటుంది. చెరిపేశాను.

ఆమె చెయ్యాలి కదా ముందు. పెళ్ళి చేసుకున్నది ఆమె.

డిసెంబర్ 23

డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే శశిధర్ సార్ ఎదురయ్యారు. చేతిలో నా మూడో అధ్యాయం. ఫోన్ కూడా. "నవ్యా, ఇది నువ్వేనా?" అని చూపించారు. వీడియో ఆయన దాకా వచ్చింది.

"సార్, అది అనుకోకుండా…"

"నేను పాట గురించి అనటం లేదమ్మా. ఇంత ధైర్యంగా ఒక్క సెమినార్ ఇవ్వు, చాలు." మెట్లు దిగుతూ మళ్ళీ ఆగారు. "ఆ పెళ్ళికూతురు నీ రూమ్మేటే కదూ? నీ సెమినార్ రోజు వెనక బెంచీలో కూర్చుని, అయిపోగానే గట్టిగా చప్పట్లు కొట్టింది. డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఆ ఒక్కమ్మాయే కొట్టింది."

నాకు తెలియదు. పోడియం పట్టుకుని నేల చూస్తున్నాను అప్పుడు. సగం రోజు సెలవు మెట్ల మీద నా ఏడుపు కోసం కాదన్నమాట, సెమినార్ కోసమే పెట్టిందన్నమాట. అది నాకెప్పుడూ చెప్పలేదు.

క్యాంటీన్‌లో చాయ్ తెచ్చుకున్నాను. రెండు తెచ్చుకున్నాను, అలవాటుగా. రెండూ నేనే తాగాను.

డిసెంబర్ 26

పన్నెండు పాటలూ పూర్తి. పాటల యాప్‌లో వరసగా పేర్చాను. గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. ఒకరు బొటనవేలు పెట్టారు.

పాటల యాప్‌లో ఇంకా సింధూజ ఉంది. మూడేళ్ళుగా ఇద్దరికీ ఒకటే అకౌంట్. ఒక ఫోన్‌లో పాట మొదలైతే రెండో ఫోన్‌లో ఆగిపోతుంది. అందుకే ఈ గదిలో రోజూ పొద్దున యుద్ధం జరిగేది. పెళ్ళయిన దగ్గర్నుంచి నా పాట ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే ఆమె ఆ యాప్ తెరవడం లేదు. నా అకౌంట్ కాబట్టి తెరవడం లేదు. కోపం అంటే ఇదే కదా. ఇంకెలా ఉంటుంది?

పాస్‌వర్డ్ మార్చేద్దామని సెట్టింగ్స్ దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చాను.

ఎవరూ ఆపకుండా ఇంత హాయిగా పాటలు విని ఎన్నాళ్ళయిందో. ఏ పాటా బాగాలేదు.

డిసెంబర్ 28

ఏడ్చాను. కారణం రాయను. పాట పెట్టుకోలేదు, కాబట్టి ఎంతసేపని లెక్క లేదు.

డిసెంబర్ 30

అమ్మ ఫోన్. వీడియో ప్రొద్దుటూరు చేరింది. "ఎంత బాగా పాడినావుమే" అంది. మా అమ్మకు సంగీతం తెలియదు. అయినా ఫోన్ పెట్టేయాలనిపించలేదు.

"సింధూజ ఎట్లుండాదిమే?"

"బాగుంది" అన్నాను.

తెలియదు అని అనాల్సింది.

డిసెంబర్ 31

పొద్దున స్నానం చేసి వచ్చి, నా పన్నెండు పాటల్లో మొదటిది పెట్టుకున్నాను. వయొలిన్ ఎత్తుకుంది. ఎత్తుకుని, ఆగిపోయింది.

నెట్ అనుకున్నాను. మళ్ళీ నొక్కాను. వయొలిన్ వచ్చింది. ఆగింది. ఫోన్ చూశాను. "మరో ఫోన్‌లో ప్లే అవుతోంది" అని ఉంది. కింద పాట పేరు. ఎర్ర రుమాలు.

మంచం మీద కూర్చుండిపోయాను. మౌలాలిలో లేచింది. పళ్ళు తోముకుంటోంది.

కాసేపటికి కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క మాట లేదు, ఇప్పుడు నేను వింటుంటే లాక్కుంటుందా? నొక్కాను. వయొలిన్. లాక్కుంది. ఎర్ర రుమాలు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లాక్కుంది. ఈసారి రెప్పపాటులో. అంటే ఫోన్ చేతిలోనే ఉంది. అంటే అవతల ఉన్నది నేనేనని తెలుసు. నవ్వుతోంది. పేస్టు నురగతో నవ్వుతోంది, నాకు తెలుసు.

వదిలేశాను. నా ఫోన్‌లో చప్పుడు లేదు, పాట ఎంతదాకా వచ్చిందో చూపించే గీత మాత్రం నెమ్మదిగా కదులుతోంది. ఆ గీతను చూస్తూ కూర్చున్నాను. ఇది రెండో పల్లవి. ఇది భూపాల్‌ది. ఇది సారలమ్మ గారిది. ఇది అత్తగారిది. ఆవిడ ఈ వేళప్పుడు వంటింట్లో ఉండి ఉంటారు, అయినా వినిపిస్తూ ఉంటుంది. గదిలో ఏ శబ్దమూ లేదు, నాకు మొత్తం వినపడింది.

పాట అయిపోయింది. యాప్ మూసేస్తుందనుకున్నాను. కొత్త పాట పేరు వచ్చింది. నా మొదటి పాట.

పొరపాటున నొక్కిందేమో అనుకున్నాను. చివరిదాకా నడిచింది. నా రెండో పాట వచ్చింది. అదీ చివరిదాకా నడిచింది. మా క్యాంపస్ గ్రూపు మొత్తం కలిసి చేయని పని, సింధూజ మౌలాలిలో ఒక్కతే చేస్తోంది. నేను నిన్నటి చొక్కా చేతిలో పట్టుకుని, అల్మరా తలుపు తెరిచిపెట్టి, కదలకుండా గీతను చూస్తున్నాను. మూడో పాట కూడా అయింది. కళ్ళు తుడుచుకున్నాను.

నాలుగోది మొదలైంది. ఈ ఏటి అత్యుత్తమ పాట అది. ముందు తంబురా ఒక్కటే ఉంటుంది, మాట రావడానికి సమయం పడుతుంది, ఆ ఆగడంలోనే ఉంది గొప్పదనమంతా.

మాట రాకముందే దాటేసి ఐదోదానికి వెళ్ళిపోయింది.

మొద్దు మొహం! మనిషికి కాస్తయినా ఓపిక ఉండాలి కదా! తంబురా వినడం చేతకానివాళ్ళకు పాటలెందుకు? దీన్ని ఊరికే వదలకూడదు. ఇప్పుడే ఫోన్ చేసి తిడతాను.

రింగవుతోంది.